డెన్సిటీ గేజ్ కారులో, జీఎం డిస్కులు విమానంలో: ఏది కుదురుతుంది, ఏది కుదరదు?

సివిల్_టెస్టింగ్ (ప్రశ్న)

మా కాలేజీ సివిల్ విభాగంలో న్యూక్లియర్ డెన్సిటీ గేజ్ (మట్టి, తారు ఎంత గట్టిగా అణిగాయో, తేమ ఎంతో రేడియేషన్‌తో కొలిచే పరికరం) ఉంది. లోపల రెండు సోర్సులు: సీజియం-137 0.3 గిగాబెక్వెరల్, అమెరీషియం-241/బెరీలియం 1.48 గిగాబెక్వెరల్ (పాత లెక్కలో 8, 40 మిల్లీక్యూరీలు). ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) కాగితాలు, ఆర్‌ఎస్‌ఓ (రేడియేషన్ భద్రతా అధికారి), టీఎల్‌డీ బ్యాడ్జీలు (ఒంటికి తగిలిన డోస్ లెక్కకు పెట్టుకునేవి) సక్రమంగానే ఉన్నాయి. ఇన్నాళ్లూ క్యాంపస్‌లో శిక్షణకే వాడాం. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక రోడ్డు పనికి కాంపాక్షన్ టెస్టులు ఒప్పుకున్నాం, హైదరాబాద్ నుంచి గేజ్ తీసుకెళ్లాలి.

అదే వారంలో ఫిజిక్స్ వాళ్లకు అక్కడ వర్క్‌షాప్. జీఎం (గైగర్-ముల్లర్) కౌంటర్ ప్రయోగాలకు వాడే రేడియోధార్మిక డిస్కుల సెట్ వాళ్లకు కావాలి: సీజియం-137 5 మైక్రోక్యూరీలు, కోబాల్ట్-60 1, థాలియం-204 1, స్ట్రాన్షియం-90 0.1. సెట్ కొని పదేళ్లయింది. "రూపాయి బిళ్లంత ప్లాస్టిక్ ముక్కలు, హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఫ్లైట్ ఎక్కేస్తాం" అంటున్నారు.

నా ప్రశ్నలు:
1. డిస్కులు విమానంలో చేత్తో పట్టుకెళ్లొచ్చా?
2. గేజ్‌ని ఇన్నోవా డిక్కీలో పెట్టి నలుగురం కలిసి వెళ్లొచ్చా?
3. బండికి బోర్డులు, కాగితాలు ఏం కావాలి?
4. గేజ్‌ని విమాన కార్గోలో పంపడం తేలికా?

కౌంటింగ్_ల్యాబ్

మొదటి ప్రశ్న వరకు చెప్తాను. హ్యాండ్‌బ్యాగులో వద్దు, చెక్-ఇన్ సామానులోనూ వద్దు. ప్రయాణికులు వెంట తీసుకెళ్లగలిగే వస్తువుల జాబితాలో రేడియోధార్మిక పదార్థానికి దాదాపు చోటే లేదు. ఒంట్లో అమర్చిన పేస్‌మేకర్, చికిత్సలో భాగంగా ఒంట్లోకి ఎక్కించిన మందు, రసాయన ఆయుధాల తనిఖీ బృందాల పరికరాలు, అంతే. ఎంత చిన్న ప్యాకెట్ అయినా అది కార్గో దారిలో, కార్గో కాగితాలతో వెళ్లాల్సిందే.

"ఇది మినహాయింపు కిందికే వస్తుంది కదా" అని మీ ఫిజిక్స్ వాళ్లు అనొచ్చు. అక్కడ రెండు వేర్వేరు గీతలున్నాయి, వాటిని కలిపేసుకుంటారు. మొదటిది రవాణా నియమాలు అసలు వర్తించని స్థాయి. ఒక కన్‌సైన్‌మెంట్ (ఒక విడతలో పంపే సరుకు) మొత్తానికి సీజియం-137, స్ట్రాన్షియం-90, థాలియం-204 ఒక్కోటి 10 కిలోబెక్వెరల్‌లు, కోబాల్ట్-60 100 కిలోబెక్వెరల్‌లు. రకాలు కలిసి ఉంటే ఒక్కోదాన్నీ దాని హద్దుతో భాగించి కూడాలి. మొత్తం 1 దాటకూడదు. రెండోది ఎక్సెప్టెడ్ ప్యాకేజీ. దీనికి నియమాలు వర్తిస్తాయి, కాకపోతే తక్కువ.

మీ సెట్ లెక్క చూడండి. కొన్నప్పటి విలువలు కిలోబెక్వెరల్‌లలో 185, 37, 37, 3.7. లెక్కకు ఇవాళ్టి యాక్టివిటీ తీసుకోవాలి. పదేళ్లలో సీజియం 147కి, కోబాల్ట్ 9.9కి, థాలియం 5.9కి, స్ట్రాన్షియం 2.9కి దిగి ఉంటాయి. సీజియం ఒక్కటే 14.7 రెట్లు, కాబట్టి సెట్ మొత్తంగా మొదటి గీత దాటేసింది. సీజియం డిస్క్ ఇక్కడే వదిలేసి అది మాత్రం అక్కడి ల్యాబ్‌లో అడిగి తీసుకుంటే మిగతా మూడింటి కూడిక 0.98. గీత లోపలే ఉంది గానీ, బోధనకు అమ్మే డిస్కుల మీద రాసిన యాక్టివిటీ 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. 0.98ని నమ్ముకుని బయల్దేరొద్దు. నమ్ముకున్నా సెక్యూరిటీ చెక్ దగ్గర మూడు రెక్కల గుర్తు కనబడ్డాక ఈ కూడికలు ఎవరూ వినరు, మీ ఫ్లైట్ వెళ్లిపోతుంది.

ఎలాగూ గేజ్ కోసం బండి వెళ్తోంది కాబట్టి డిస్కులు అందులోనే ఎక్సెప్టెడ్ ప్యాకేజీగా పంపండి. యాక్టివిటీ పరంగా బోలెడు వెసులుబాటు ఉంది: స్పెషల్ ఫారం పత్రం (క్యాప్సూల్ పగలదన్న అధికారిక హామీ) లేని సీజియానికి ఒక ప్యాకేజీ హద్దు ఏ2లో (నియమాలు ఒక్కో ఐసోటోపుకి ఇచ్చిన యాక్టివిటీ హద్దు) వెయ్యో వంతు, అంటే 600 మెగాబెక్వెరల్‌లు. మీ దగ్గర 0.147 ఉంది. ఇబ్బంది పెట్టేది వేరే షరతు. ప్యాకేజీ బయటి ఉపరితలం మీద ఎక్కడ కొలిచినా గంటకు 5 మైక్రోసీవర్ట్‌లు దాటకూడదు.

కొత్త సెట్ అయితే సీజియం, కోబాల్ట్ కలిపి 10 సెంటీమీటర్ల దూరంలో దాదాపు 3 మైక్రోసీవర్ట్‌లు వస్తాయి, 7 సెంటీమీటర్లలో 6. అంటే పెన్సిల్ డబ్బాలాంటి చిన్న పెట్టెలో పెడితే ఫెయిల్, నాలుగు వైపులా, పైనా కిందా 10 సెంటీమీటర్లు ఉండేలా థర్మోకోల్ మధ్యలో కూర్చోబెడితే పాస్. సీసం అక్కర్లేదు, దూరం చాలు. మీ పదేళ్ల సెట్‌కి ఇంకా తక్కువే వస్తుంది, అయినా పెట్టె అలాగే కట్టండి. డిస్కులు పెట్టె లోపల జారకూడదు. మూలకు చేరాయంటే కట్టినప్పుడు కొలిచిన అంకెకి విలువ పోతుంది.

ఇక చెయ్యాల్సినవి: డిస్కులకు వైప్ టెస్ట్, అంటే తుడిచి లీకు ఉందేమో చూడటం (పెట్టె బయట ఊడివచ్చే కాలుష్యం బీటా, గామాలకు చదరపు సెంటీమీటరుకు 4 బెక్వెరల్‌ల లోపు), మూత తెరవగానే కనబడేలా లోపల "రేడియోయాక్టివ్" అని రాత, బయట యూఎన్ 2910 అనే సరుకు గుర్తింపు నంబరు, పంపేవారి లేదా అందుకునేవారి పేరు. స్ట్రాన్షియం డిస్క్ కిటికీ (సోర్స్ మీది పల్చటి పొర) గీసుకుపోయి ఉంటే దాన్ని అసలు కదల్చొద్దు. ఈ పెట్టె వల్ల బండికి బోర్డు అవసరం రాదు, మనుషులు కూర్చోకూడదన్న నిషేధమూ రాదు. గేజ్ వల్ల ఆ రెండూ వస్తాయి, అది ఎవరైనా వివరంగా చెప్తారు.

ఆర్టీసీ పార్సిల్‌లోనో, ప్రైవేటు బస్సు డిక్కీలోనో మాత్రం వెయ్యకండి. మీ పెట్టె ఎవరి సీటు కింద పడుతుందో, ఎవరి చేతిలో పడుతుందో మీకు తెలియదు.

గేజ్_ఆర్‌ఎస్‌ఓ

గేజ్ సంగతి. ముందు మీ ఏఈఆర్‌బీ పత్రంలో పరికరం ఎక్కడ ఉండాలని రాసి ఉందో చూడండి. చోటు మారుతుంటే ఆర్‌ఎస్‌ఓ ఈ-లోరాలో (ఏఈఆర్‌బీ ఆన్‌లైన్ లైసెన్సింగ్ పోర్టల్) ముందుగా ఆ పని చూసుకోవాలి, బండి కట్టడం తర్వాత. విశాఖలో గేజ్ రాత్రిపూట ఏ గదిలో, ఎవరి తాళం కింద ఉంటుందన్నది కూడా అప్పుడే తేలాలి.

నలుగురు కలిసి వెళ్లడం కుదరదు. మీ గేజ్ పెట్టె దాదాపు ఖాయంగా రెండో కేటగిరీ పసుపు లేబుల్‌లో పడుతుంది. రెండో, మూడో కేటగిరీ పసుపు లేబుల్ ఉన్న ప్యాకేజీలతో వెళ్లే రోడ్డు వాహనంలో డ్రైవరూ, సహాయకులూ తప్ప ఇంకెవరూ ఉండకూడదు. శిక్షణ పొంది టీఎల్‌డీ పెట్టుకున్న గేజ్ ఆపరేటర్‌ని సహాయకుడు అనొచ్చు. "విశాఖ వరకే కదా, మేమూ వస్తాం" అనే ప్రొఫెసర్లను అనలేం.

కేటగిరీ ఎలా తేల్చాలంటే: పెట్టె ఉపరితలం మీద ఎక్కువలో ఎక్కువ రీడింగ్, ఒక మీటరు దూరంలో ఎక్కువలో ఎక్కువ రీడింగ్. మీటరు దూరంలో మిల్లీసీవర్ట్‌లలో వచ్చినదాన్ని 100తో గుణిస్తే ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్, టీఐ. ఒక దశాంశ స్థానానికి పైకే సవరించాలి, 1.13 వస్తే 1.2. 0.05 లేదా అంతకంటే తక్కువైతే సున్నా. ఉపరితలం గంటకు 5 మైక్రోసీవర్ట్‌ల లోపు, టీఐ సున్నా అయితే తెల్ల లేబుల్. 500 లోపు, టీఐ 1 లోపు అయితే రెండో పసుపు. 2 మిల్లీసీవర్ట్‌ల లోపు, టీఐ 10 లోపు అయితే మూడో పసుపు. రెండు షరతుల్లో ఏది పై కేటగిరీని చూపిస్తే అదే లెక్క.

ఇక్కడ తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ల్యాబుల్లో ఉండే మామూలు జీఎం సర్వే మీటరుకి న్యూట్రాన్లు కనబడవు. మీ 1.48 గిగాబెక్వెరల్‌ల అమెరీషియం-బెరీలియం, కవచం ఏమీ లేదనుకుంటే, మీటరు దూరంలో గంటకు సుమారు 1 మైక్రోసీవర్ట్ న్యూట్రాన్ డోస్ ఇస్తుంది. గామా రీడింగ్ 4.3 వచ్చిందనుకోండి: గామాతోనే లెక్కేస్తే టీఐ 0.5, న్యూట్రాన్ 0.9 కలిపితే 0.52 కాబట్టి 0.6. కేటగిరీ మారదు, కానీ లేబుల్ మీద అంకె తప్పు. తయారీదారు ఇచ్చిన పత్రంలో ఆ మోడల్ టీఐ ఉంటుంది, మీ కొలతని దానితో సరిపోల్చండి. మీకు చాలా ఎక్కువ వస్తే పెట్టె కట్టొద్దు, కారణం వెతకండి.

కారణం చాలాసార్లు ఒక్కటే. సోర్స్ రాడ్ పైకి లాగి సేఫ్ స్థానంలో పెట్టినప్పుడు గేజ్ అడుగున స్ప్రింగు మీద జారే టంగ్‌స్టన్ దిమ్మె వచ్చి రంధ్రం మూస్తుంది. తడి మట్టి, తారు మసి ఆ గాడిలో చేరి గట్టిపడితే దిమ్మె సగంలో ఆగిపోతుంది. పైనుంచి చూస్తే హ్యాండిల్ సరిగ్గానే ఉంటుంది, తాళమూ పడుతుంది, కింద మాత్రం సీజియం పుంజం నేరుగా బయటికి వస్తుంటుంది. అందుకే పెట్టెలో పెట్టే ముందు గేజ్ అడుగు వైపు మీటరు పెట్టి చూడటం తప్పనిసరి. శుభ్రం చెయ్యడం తయారీదారు చెప్పిన పద్ధతిలో, శిక్షణ ఉన్నవాళ్లే, రాడ్ కొసకి చెయ్యి ఎదురుగా రాకుండా. స్క్రూడ్రైవర్‌తో గోకడం, బోర్లించి కొట్టడం వద్దు.

పెట్టె: గేజ్‌తో వచ్చిన టైప్ ఏ పెట్టె మాత్రమే. అది 1.2 మీటర్ల నుంచి పడేసి, నీళ్లు చల్లి, బరువులు పేర్చి, 6 కిలోల కడ్డీ గుచ్చి పరీక్షించిన డిజైన్. మడత బందులు విరిగిపోయాయనో, గొళ్లెం ఊడిందనో వేరే ట్రంకులో పెడితే అది టైప్ ఏ కాదు. చుట్టూ సీసం రేకు చుట్టడం ఇంకో అలవాటు: సీసం న్యూట్రాన్లను ఆపదు, పైగా ఆమోదించిన డిజైన్ మారిపోతుంది, పెట్టె బరువెక్కి హ్యాండిల్ ఊడుతుంది.

పెట్టె మీద ఉండాల్సినవి: పంపేవారి లేదా అందుకునేవారి వివరం, యూఎన్ 3332, సరుకు పేరు, "టైప్ ఏ" గుర్తు, విప్పితే తెలిసేలా సీలు. ఎదురెదురు పక్కల రెండు లేబుళ్లు. ఒక్కోదాని మీద రెండు సోర్సుల పేర్లు, బెక్వెరల్‌లలో యాక్టివిటీ, టీఐ. ఒట్టి మిల్లీక్యూరీల్లో రాయడం ఇప్పటికీ కనబడే తప్పు.

బండికి రెండు పక్కలా, వెనకా 25 సెంటీమీటర్ల ప్లకార్డులు. అయస్కాంతం షీట్లు వాడితే ప్రతి ఆగిన చోటా ఉన్నాయో లేదో చూడండి. గేజ్ దింపాక తీసెయ్యాలి, ఖాళీ బండి మీద బోర్డు ఉండటమూ తప్పే. కాగితాలు: కన్‌సైనర్ (పంపేవారి) డిక్లరేషన్, ట్రెమ్‌కార్డు (రవాణాలో ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో చెప్పే కార్డు), డ్రైవరుకు రాతపూర్వక సూచనలు (తెలుగులో కూడా రాయించండి, ఆ కాగితం అవసరమయ్యేది ఆయనకే), లీక్ టెస్ట్ సర్టిఫికెట్, స్పెషల్ ఫారం సర్టిఫికెట్ నకలు, ఆర్‌ఎస్‌ఓ ఫోన్ నంబరు. అన్నీ డ్రైవర్ తలుపు అరలో ఉండాలి, గేజ్ పెట్టెలో కాదు. ప్రమాదం జరిగితే పెట్టె దగ్గరికి వెళ్లకూడని సమయంలోనే ఆ కాగితాలు కావాల్సి వస్తాయి.

ఇన్నోవా పనికొస్తుంది, మూడో వరస మడిచి పెట్టెని వెనక తలుపు దగ్గర పెడితే డ్రైవరుకు రెండు మీటర్లు వస్తుంది. టీఐ 0.6 అంటే మీటరు దూరంలో 6 మైక్రోసీవర్ట్‌లు, రెండు మీటర్లలో 1.5. పన్నెండు గంటల ప్రయాణానికి 18 మైక్రోసీవర్ట్‌లు; మామూలు జనానికి ఏడాది హద్దు 1,000. అదే పెట్టె డ్రైవర్ సీటు వెనకాలే పెడితే డోస్ ఐదారు రెట్లు. రాట్చెట్ పట్టీలు రెండు, అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి, ఫ్లోర్ హుక్కులకు. గొలుసు, తాళం వేరే. పట్టీ పెట్టెని కదలనివ్వదు, గొలుసు దొంగని ఆపుతుంది. ఒకదాని పని ఇంకొకటి చెయ్యదు.

సివిల్_టెస్టింగ్

చాలా థాంక్సండీ ఇద్దరికీ. పత్రాలు తీసి చూశాను. లీక్ టెస్ట్ ఈ మధ్యదే. స్పెషల్ ఫారం సర్టిఫికెట్ మాత్రం గడువు 2021లో అయిపోయింది. సోర్స్ మారలేదు, లీకు లేదు, అయినా ఇది సమస్యేనా?

గేజ్_ఆర్‌ఎస్‌ఓ

సమస్యే, అదీ చిన్నది కాదు. స్పెషల్ ఫారం అంటే ఆ క్యాప్సూల్ పగలకుండా, చెదరకుండా ఉంటుందని అధికార సంస్థ ఇచ్చిన హామీ. ఆ హామీ అమల్లో ఉంటే మీరు ఏ1 హద్దు వాడుకోవచ్చు, లేకపోతే ఏ2. సీజియానికి 2 టెరాబెక్వెరల్‌లు 0.6 అవుతుంది, మీకు తేడా పడదు. అమెరీషియం-241కి ఏ1 10 టెరాబెక్వెరల్‌లు, ఏ2 0.001. పది వేల రెట్లు తేడా. ఒంట్లోకి పోతే ఆల్ఫా కణాలతో చేసే హాని ఎక్కువ కాబట్టి.

0.001 టెరాబెక్వెరల్ అంటే 1 గిగాబెక్వెరల్. మీ దగ్గర 1.48 ఉంది. సర్టిఫికెట్ అమల్లో ఉంటే టైప్ ఏ పెట్టె హద్దులో పది వేల వంతుల్లో మాట్లాడుకుంటున్నాం. లేకపోతే అదే గేజ్, అదే పెట్టె, టైప్ ఏ హద్దుకు దాదాపు ఒకటిన్నర రెట్లు. అంతకంటే గట్టిదైన టైప్ బీ ప్యాకేజీ కావాలి, అది మీకు దొరకదు.

కంగారు పడకండి, పరిష్కారం ఎక్కువసార్లు కాగితం దగ్గరే ఉంటుంది. తయారీదారులు ఈ సర్టిఫికెట్లను వరసగా పునరుద్ధరిస్తూ ఉంటారు. గుర్తింపు నంబరు అదే ఉండి సవరణ సంఖ్య మారుతుంది. మీ క్యాప్సూల్ మోడల్, సీరియల్ నంబర్లు రాసి తయారీదారునో ఇక్కడి సరఫరాదారునో ప్రస్తుత ప్రతి అడగండి. వచ్చాక అందులో మీ మోడల్, మీ యాక్టివిటీ ఉన్నాయో లేదో చదివి చూడండి, తేదీ ఒక్కటే చూసి ఫైల్లో పెట్టకండి. అది వచ్చేదాకా గేజ్ కదలకూడదు.

ఇంకో మాట. సర్టిఫికెట్ ఉంటే యాక్టివిటీ లెక్క ప్రకారం గేజ్ ఎక్సెప్టెడ్ పరికరం హద్దులో కూడా పడుతుంది (ఏ1లో నూరో వంతు). అది చూసి "యూఎన్ 2911 అని రాసేస్తే లేబులు, బోర్డులు తప్పుతాయి కదా" అనే తెలివి కొందరికి వస్తుంది. ఉపరితలం మీద 5 మైక్రోసీవర్ట్‌ల షరతు దగ్గర ఆ తెలివి ఆగిపోతుంది. గేజ్ పెట్టె దానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది.

బెల్లీ_కార్గో

నాలుగో ప్రశ్న. గేజ్ విమాన కార్గోలో వెళ్లగలదు, తేలిక మాత్రం కాదు. ప్రయాణికుల విమానం అడుగు హోల్డులో పసుపు లేబుల్ ప్యాకేజీలు రోజూ వెళ్తూనే ఉంటాయి. న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలకు చాలా ఐసోటోపులు వచ్చేది అలాగే. ఎనిమిది రోజుల హాఫ్-లైఫ్ ఉన్న అయోడిన్-131ని లారీలో తిప్పుతూ కూర్చోలేరు కదా.

మీకు అడ్డొచ్చేవి ఇవి. ఒకటి, ఎయిర్‌లైన్. నియమాలు ఒప్పుకున్నంత మాత్రాన ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలని లేదు. ఏడో తరగతి (రేడియోధార్మిక) సరుకు అసలు తీసుకోనివాళ్లు, ముందస్తు అనుమతి అడిగేవాళ్లు, కొన్ని స్టేషన్ల నుంచే తీసుకునేవాళ్లు ఉంటారు. బుకింగ్‌కి ముందే యూఎన్ నంబరు, కేటగిరీ, టీఐ, కొలతలు చెప్పి రాతపూర్వకంగా అవును అనిపించుకోవాలి. శంషాబాద్‌లో తీసుకున్నా విశాఖలో దింపుకునే ఏర్పాటు ఉందా అన్నది వేరే ప్రశ్న. రెండు, డిక్లరేషన్ మీద సంతకం చేసేవారికి ప్రమాదకర సరుకుల శిక్షణ ఉండాలి, అది రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఏఈఆర్‌బీ ఆర్‌ఎస్‌ఓ సర్టిఫికెట్ ఆ శిక్షణకి బదులు కాదు.

మూడు, డిక్లరేషన్. కౌంటరులో తిప్పి పంపేసేవి ఎక్కువగా ఇవే: యాక్టివిటీ మిల్లీక్యూరీల్లో, రెండు సోర్సుల్లో ఒకటే రాయడం, "స్పెషల్ ఫారం" మాటా, సర్టిఫికెట్ గుర్తింపు నంబరూ లేకపోవడం, పసుపు కేటగిరీకి పెట్టె కొలతలు రాయకపోవడం, లేబుల్ మీద టీఐ 0.5, డిక్లరేషన్‌లో 0.6. చివరిదానికి ఏ సర్దుబాటూ ఉండదు, రెండూ అక్షరం తేడా లేకుండా కలవాలి. గేజ్ లోపలి బ్యాటరీ లిథియందైతే దానికి వేరే నియమాలు కలుస్తాయి, ముందే చూసి చెప్పండి.

హోల్డులో ఎక్కడ పెట్టాలన్నది లోడింగ్ వాళ్ల పని అయినా తెలిసి ఉంటే మంచిది. ప్రయాణికుల విమానంలో మొత్తం టీఐ 50 దాటకూడదు. క్యాబిన్ నేలకీ ప్యాకేజీ పైభాగానికీ మధ్య టీఐని బట్టి ఎడం ఉండాలి: 1 వరకు 30 సెంటీమీటర్లు, 2 వరకు 50, 3 వరకు 70. మీ 0.6కి 30 చాలు. కానీ హోల్డు ఎత్తు తక్కువ ఉన్న చిన్న విమానంలో, పొడుగు పెట్టె నిలబెడితే ఆ 30 కూడా దొరక్క ఆఫ్‌లోడ్ చేస్తారు. పెట్టె పడుకోబెట్టినా పరవాలేదా అన్నది మీరు చెప్పకపోతే వాళ్లు ఊహించరు.

విమానంలో వెళ్లే ప్యాకేజీకి ఇంకొన్ని డిజైన్ షరతులుంటాయి, మైనస్ 40 నుంచి 55 డిగ్రీల వరకు తట్టుకోవడం వంటివి. పెట్టె పత్రంలో విమాన రవాణా ప్రస్తావన ఉందో లేదో చూసుకోండి.

అమెరికాలో ఇదే పని చేసే మనవాళ్లు ఈ చర్చ చదువుతుంటే ఒక తేడా గుర్తు పెట్టుకోండి. అక్కడి సమాఖ్య నియమం ప్రకారం ప్రయాణికుల విమానంలో రేడియోధార్మిక సరుకు పరిశోధనకో, వైద్యానికో సంబంధించినదై ఉండాలి. ఒక్కో ప్యాకేజీ టీఐ 3 దాటకూడదు. రోడ్డు పని గేజ్ అక్కడ సరుకు విమానంలోనే వెళ్లాలి. రోడ్డు మీద మాత్రం అక్కడ కాస్త సడలింపు, బండికి ప్లకార్డులు మూడో పసుపుకే అడుగుతారు. అది చూసి ఇక్కడ రెండో పసుపుకి బోర్డు మానెయ్యకండి.

మీ సంగతికి నా సలహా: ఈ ఒక్క గేజ్ కోసం విమానం దండగ. హైదరాబాద్ నుంచి విశాఖకి రోడ్డు మీద ఒక్క రోజు పని.

బావి_లాగింగ్

రోడ్డు మాటకి ఒకటి కలుపుతాను. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో జరిగినది ఈ పని చేసే ప్రతి ఒక్కరూ చదవాల్సినది. గుడాయ్-దర్రి ఇనుప గని నుంచి పెర్త్‌కి మరమ్మతు కోసం ఒక గేజ్‌ని లారీలో పంపారు, దాదాపు 1,400 కిలోమీటర్లు. పెర్త్‌లో పెట్టె తెరిచేసరికి గేజ్ ఊడిపోయి ఉంది, స్క్రూలు, ఒక బోల్టు లేవు, సీజియం-137 క్యాప్సూల్ లేదు. 8 మిల్లీమీటర్ల పొడుగు, 6 మిల్లీమీటర్ల వెడల్పు, 19 గిగాబెక్వెరల్‌లు. దారి కుదుపులకి బోల్టు వదులై ఊడిపోయి, ఆ రంధ్రంలోంచే క్యాప్సూల్ జారి ఉంటుందని అధికారుల అంచనా. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో డిటెక్టర్ బండి నడుపుతూ ఫిబ్రవరి 1న న్యూమన్ పట్టణానికి దక్షిణాన రోడ్డుకి రెండు మీటర్ల దూరంలో పట్టుకున్నారు.

నాకు అందులో బోల్టు కంటే తేదీలు ముఖ్యమనిపిస్తాయి. లారీ 12న బయల్దేరింది, 16న చేరింది, పెట్టె తెరిచింది 25న. చేరిన రోజే మీటరు పెట్టి ఉంటే రీడింగ్ లేదని పెట్టె తెరవకుండానే తెలిసేది. మీరు బయల్దేరేముందు పెట్టె పైన నాలుగు చోట్ల రీడింగ్ రాసుకోండి, చోట్లు మార్కర్‌తో గుర్తు పెట్టండి. చేరగానే అవే చోట్ల మళ్లీ. ఎక్కువ రావడం ఎంత చెడ్డదో, తక్కువ రావడం అంతకంటే చెడ్డది. అందరూ ఎక్కువ వచ్చిందా అనే చూస్తారు.

ఇంకోటి, నడి దారిలో ఢీకొట్టి పెట్టె పగిలితే: మనుషులకు ప్రాథమిక చికిత్స ముందు, సోర్స్ సంగతి తర్వాత. గాయపడినవాళ్లను ఆపొద్దు. చుట్టూ 30 మీటర్లు ఖాళీ చేయించి, పోలీసుకి, ఆర్‌ఎస్‌ఓకి, ఆయన ద్వారా ఏఈఆర్‌బీకి చెప్పాలి. బయటపడిన ముక్క ఏదైనా చేత్తో తియ్యొద్దు, ఫోటో కోసం దగ్గరికి పోవొద్దు.

సివిల్_టెస్టింగ్

సర్టిఫికెట్ కోసం సరఫరాదారుకి మెయిల్ పెట్టాం. ఒక్క సందేహం: డ్రైవర్ ఒక్కడే అయితే రాత్రి రాజమహేంద్రవరంలో ఆగాలి. లాడ్జిలో గేజ్‌ని గదిలోకి తెచ్చుకోవాలా, బండిలోనే ఉంచాలా?

గేజ్_ఆర్‌ఎస్‌ఓ

రెండూ వద్దు. గదిలో పెడితే గోడ అవతల మంచం మీద ఎవరున్నారో మీకు తెలియదు. లాడ్జి పార్కింగ్‌లో వదిలితే రాత్రంతా చూసేవాళ్లు లేరు, ఇన్నోవా అద్దం పగలగొట్టడానికి నిమిషం పట్టదు. దొంగకి అది పసుపు రంగు ఖరీదైన పెట్టె, అంతే. పగలగొట్టి తుక్కు దుకాణానికి చేరుస్తాడు. తుక్కులో చేరిన సోర్స్ ఏం చేస్తుందో 2010లో ఢిల్లీ మాయాపురిలో చూశాం, అక్కడ కోబాల్ట్-60 ఒక మనిషి ప్రాణం తీసింది.

ఇద్దరు డ్రైవర్లను పెట్టుకోండి, ఇద్దరూ సిబ్బందే కాబట్టి నియమానికి అడ్డు రాదు. తెల్లవారుజామున బయల్దేరి విజయవాడ మీదుగా పదహారో నంబరు హైవే పట్టుకుంటే రాత్రికి విశాఖలో సోర్స్ గదిలో పెట్టి తాళం వెయ్యొచ్చు. భోజనానికి ఆగినప్పుడు ఒకరు బండి దగ్గర ఉండాలి, మార్చి మార్చి తినాలి. హ్యాండిల్ తాళం చెవి, పెట్టె తాళం చెవి, గొలుసు తాళం చెవి ఒకే గుత్తికి కట్టి డ్యాష్‌బోర్డులో వదలొద్దు. హ్యాండిల్ చెవి ఆపరేటర్ జేబులో ఉండాలి. విశాఖలో అందుకునే మనిషికి బయల్దేరిన టైమూ, చేరాల్సిన టైమూ మెసేజ్ చేసి పెట్టండి, గంట దాటినా మీరు రాకపోతే ఆయన ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా అందులోనే రాయండి.